కోటా కాగితాల కాలం

338, 339, 347, 348. గార్మెంట్ లైన్‌లో నా ఈడు వాళ్లను అర్ధరాత్రి లేపి అడిగినా ఈ అంకెలేమిటో చెబుతారు. మొదటి రెండూ నూలు అల్లిక చొక్కాలు, మగవాళ్లవీ ఆడవాళ్లవీ. తర్వాతి రెండూ నూలు ప్యాంట్లు, అదే వరసలో. మగవాళ్ల నేత చొక్కా అయితే 340. బయటి దేశాల బట్టలకు అమెరికా ప్రభుత్వం వేసిన కేటగిరీ నంబర్లివి. ఏ దేశం నుంచి ఏ నంబరు కింద ఏడాదికి ఎన్ని డజన్లు రావచ్చో ముందే రాసిపెట్టి ఉండేది. దాని పేరు కోటా. 1974లో మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ పేరుతో ప్రపంచమంతా కట్టుబడ్డ ఈ ఏర్పాటు ముప్పై ఏళ్లు నడిచింది. ఇవాళ లైన్‌లోకి వచ్చిన కుర్రాడిని 347 అంటే ఏమిటని అడిగితే జీన్స్ మోడల్ నంబరేమో అనుకుంటాడు.

నేను హాంకాంగ్‌లో ఒక బయింగ్ హౌస్‌లో చేరింది తొంభైల మొదట్లో. యజమాని సింధీ. అందరం సేఠ్ అనే పిలిచేవాళ్లం. అమెరికా స్టోర్ల దగ్గర ఆర్డర్లు పట్టడం, షెన్‌జెన్‌లోనో డోంగ్‌గువాన్‌లోనో కుట్టించడం, ఓడ ఎక్కించడం, ఇదీ పని. బట్ట, కుట్టు కూలి, బొత్తాలు, జిప్పు, కార్టన్ అన్నీ వేశాక ధరల కాగితంలో ఇంకో గడి మిగిలేది: కోటా చార్జీ. ఆ డబ్బుకి సరుకేమీ రాదు. చొక్కాకి అమెరికాలో అడుగు పెట్టే హక్కు వస్తుంది, అంతే. హాంకాంగ్‌లో ఆ హక్కు వెనకటి ఏళ్లలో ఎగుమతి చేసినవాళ్ల చేతిలో ఉండేది. అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. మిషన్లు తెగనమ్మి, షట్టర్ దించేసి, కోటా అద్దెతోనే దర్జాగా బతికిన పెద్దమనుషుల్ని చూశాను. మన వైపు పొలం కౌలుకిచ్చి టౌన్లో కూర్చునే ఆసామికీ వీళ్లకీ పెద్ద తేడా లేదు. సంవత్సరం చివరికొచ్చేసరికి ఒక నంబరు ధర కొండెక్కి కూర్చునేది, పక్క నంబరు కొనేవాడు లేక చిత్తుకాగితమయ్యేది. డిసెంబరు దాటితే దేనికీ విలువ లేదు.

చైనాలోనే కోటా కట్టిన సరుక్కి కాగితం వేరు. ఇన్‌వాయిస్ మొదటి పేజీ మీద నీలం సిరాతో గుండ్రటి ముద్ర పడాలి. దాన్ని వీసా అనేవాళ్లం. మనుషులకే కాదు, లాగులకూ వీసాలుండేవి. ముద్రలో తొమ్మిది అక్షరాల నంబరు: ముందు ఆ సంవత్సరం చివరి అంకె, తర్వాత సీఎన్ అని రెండక్షరాలు, ఆపైన ఆరంకెల వరస. సిరా అలుక్కుపోయినా, ఒక అంకె సగమే పడినా, అవతల రేవులో కంటైనర్ నిలిచిపోయేది. దిగుమతిదారు ఫ్యాక్స్ మీద ఫ్యాక్స్ కొట్టేవాడు. మా షిప్పింగ్ క్లర్క్ ఒక కాంటనీస్ ఆవిడ. ప్రతి ముద్రనీ కిటికీ వెలుగులో పెట్టి, భూతద్దంతో ఒక్కో అంకె పలుకుతూ సరిచూసేది. ఆవిడ సరేనంటేనే బ్యాంకుకి డాక్యుమెంట్లు. ఆ పనికి సేఠ్ ఆవిడకిచ్చే జీతం నాకన్నా ఎక్కువ. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

బట్ట ఎక్కడ కత్తిరిస్తే సరుకు ఆ దేశానిదని అప్పట్లో అమెరికా కస్టమ్స్ లెక్క. అందుకని లై చి కోక్, సాన్ పో కాంగ్ పేటల్లో బహుళ అంతస్తుల ఫ్యాక్టరీ భవనాల నిండా కటింగ్ రూములు ఉండేవి. పొడవాటి బల్ల మీద బట్ట పొరలు పొరలుగా పరిచి, నిలువు కత్తి మిషన్‌తో కోసి, చేతులు వేరు, కాలర్లు వేరు, వీపులు వేరు కట్టలు కట్టి లారీకెత్తేవాళ్లు. లారీ సరిహద్దు దాటి చైనాలోకి పోయేది. అక్కడ కుట్టాక చొక్కాగా తిరిగొచ్చి మేడ్ ఇన్ హాంకాంగ్ లేబుల్‌తో ఓడెక్కేది. 1996 జూలై 1 నుంచి ఆ లెక్క మారింది. ఎక్కడ కుడితే అక్కడిదే అన్నారు. పుట్టుక మారిందని చొక్కాకి తెలియదు, కానీ కటింగ్ రూముల్లో కత్తిపట్టిన మాస్టర్లకు మాత్రం పని పోయింది. నలభై పొరల బట్టని గీత తప్పకుండా కోసే చెయ్యి తెల్లారి లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చోవడం నేను చూసిందే. తర్వాతి ఏడాది హాంకాంగ్ చేతులు మారిన హడావుడిలో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇక ఏటా జూన్ నెల. చైనాకి మోస్ట్ ఫేవర్డ్ నేషన్ హోదా ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అని అమెరికాలో తగవు. 1979లో రెండు దేశాలూ దౌత్య సంబంధాలు కలుపుకున్నాయి. ఆ ఫిబ్రవరిలో చైనా నేత డెంగ్ జియావోపింగ్ టెక్సాస్‌లో రోడియోకి వెళ్లి పెద్ద కౌబాయ్ టోపీ పెట్టుకున్నాడు. ఆ ఫొటో మా ఆఫీసు గోడ మీద చాలాకాలం ఉండేది. ఏప్రిల్‌లో ల్యూ లిన్ హై అనే చైనా ఓడ సియాటిల్ రేవుకి చేరింది. ముప్పై ఏళ్లలో అమెరికా రేవుకొచ్చిన మొదటి కమ్యూనిస్టు చైనా ఓడ అది. 1980 ఫిబ్రవరి నుంచి మామూలు సుంకాల హోదా కూడా దక్కింది. కానీ జాక్సన్ వానిక్ సవరణ అనే పాత చట్టం ప్రకారం అధ్యక్షుడు దాన్ని ఏటా పొడిగించాలి, కాంగ్రెస్ కాదనొచ్చు. మొదటి పదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1989లో తియనాన్మెన్ కాల్పుల తర్వాత ఆ ఏటి తంతు నిజమైన గండమైంది.

పోతే ఎంత పోతుందో సేఠ్ ఒక్క ఉదాహరణతో చెప్పేవాడు. బొమ్మల మీద మామూలు సుంకం 1995 కల్లా సున్నా అయింది. హోదా పోతే 1930 నాటి స్మూట్ హాలీ రేట్లు వస్తాయి, అదే బొమ్మ మీద 70 శాతం. క్రిస్మస్ సరుకు జూలై, ఆగస్టుల్లో ఓడెక్కాలి. అందుకని మే నెలలోనే కొనేవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు. సుంకం మారితే ఎవరు భరించాలన్న షరతు ఒకటి కాంట్రాక్టులో ఉండేది, దాని మీదే సగం బేరం. 1993లో క్లింటన్ హోదాని మానవ హక్కులతో ముడిపెట్టాడు, మరుసటి మేలో తనే ఆ ముడి విప్పాడు. లీవైస్ కంపెనీ 1993లో చైనా కుట్టుపని తగ్గించుకుంటామని ప్రకటించి, 1998లో మనసు మార్చుకుంది. వాషింగ్టన్‌లో నీతి మాట్లాడిన రోజున మా ఫ్యాక్స్ మిషన్ మూగబోయేది, సద్దుమణిగిన మర్నాడు కాగితం రోల్ అయిపోయేంత ఆర్డర్లొచ్చేవి. ఆ ఫ్యాక్స్ రోల్ నున్నటి కాగితం మీద అచ్చు ఏడాదికే వెలిసిపోతుంది. అప్పటి ఒప్పందాలు నా దగ్గరున్నవి చాలామటుకు ఇప్పుడు తెల్ల కాగితాలే.

ఆ ఏటి తంతు 2000లో ముగిసింది. మే 24న ప్రతినిధుల సభలో 237కి 197 ఓట్లతో శాశ్వత హోదా బిల్లు నెగ్గింది, అక్టోబరులో క్లింటన్ సంతకం పడింది. 2001 డిసెంబరు 11న చైనా డబ్ల్యూటీవోలో చేరింది. 1985లో చైనాతో అమెరికా వాణిజ్య లోటు 60 లక్షల డాలర్లు. 2000లో 8,380 కోట్లు. 2018కి 41,800 కోట్లు దాటింది. జూన్ భయం అంటూ ఒకటుంటే పెట్టుబడి పెట్టేవాడు కాస్త ఆచితూచి అడుగేస్తాడు. అది పోయాక ఫ్యాక్టరీలు పొలాల్ని మింగిన వేగం నేను కళ్లారా చూశాను. లోటు పెరగడానికి కారణాలు ఎన్నో ఉండొచ్చు గానీ, ఆ భయం పోవడం చిన్న కారణమని మాత్రం నాకనిపించదు.

చైనా లోపల పోయినవి ఇంకో రకం. నేను మొదట గ్వాంగ్‌జౌ వెళ్లేనాటికి దేశంలో రెండు డబ్బులు నడుస్తుండేవి. ప్రజలది రెన్‌మిన్‌బీ. విదేశీయులకు బ్యాంక్ ఆఫ్ చైనా 1980 నుంచి ఇచ్చే విదేశీ మారక సర్టిఫికెట్లు వేరు. ఇవి ఉంటేనే ఫ్రెండ్‌షిప్ స్టోర్‌లో దిగుమతి సిగరెట్లు, విస్కీ, మంచి సైకిలు. పేరుకి రెండిటి విలువా ఒకటే. వీధిలో కాదు. హోటల్ గేటు దాటగానే 'చేంజ్ మనీ, చేంజ్ మనీ' అంటూ కుర్రాళ్లు వెంటపడేవాళ్లు. వంద యువాన్ల సర్టిఫికెట్ మీద మహాకుడ్యం బొమ్మ ఉండేది. మామూలు నోటు మీద రైతులు, కార్మికులు, నాయకులు. విదేశీయుడి నోటు మీద ప్రకృతి దృశ్యాలు. 1994 జనవరి 1న రెండు మారకపు రేట్లనీ కలిపేశారు. డాలర్‌కి 5.8 ఉన్న అధికారిక రేటు ఒక్క రాత్రిలో 8.7కి దిగింది. సర్టిఫికెట్ల జారీ ఆగింది, ఏడాది తిరిగేసరికి చెల్లుబాటూ పోయింది. తర్వాత రేటు 8.28 దగ్గర కుదురుకుని 2005 జూలై దాకా కదల్లేదు. ఆ కాలమంతా ధర కట్టడానికి నాకు క్యాలిక్యులేటర్ అక్కర్లేకపోయింది.

బియ్యం కూపన్లు కూడా ఆ రోజుల్లోనే పోయాయి. మనకీ రేషన్ కార్డుంది, కానీ హోటల్లో ఉప్మా తినడానికి కార్డు చూపమని ఎవరూ అడగలేదు. అక్కడ ఒకప్పుడు గిన్నెడు నూడుల్స్‌కి డబ్బుతో పాటు ధాన్యం కూపనూ ఇవ్వాలి. అదీ ఏ రాష్ట్రం కూపన్ ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది, ఊరు దాటాలంటే జాతీయ కూపన్ సంపాదించాలి. 1993లో వాటికి కాలం చెల్లింది. ఒక ఫ్యాక్టరీ అకౌంటెంట్ హునాన్ నుంచి వచ్చినాయన. మిగిలిపోయిన కూపన్లు పర్సులోంచి తీసి చూపించి, వీటికోసం మా అమ్మ గుడ్లు అమ్మేది అన్నాడు. పారేయొచ్చుగా అంటే, 'మళ్లీ రావని ఎవరు చెప్పగలరు?' అన్నాడు. ఆ తరానికి పై నుంచి వచ్చే మంచి కబురు మీద ఎప్పుడూ పూర్తి నమ్మకం ఉండేది కాదు.

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది కంచె. హుంగ్ హోమ్‌లో రైలెక్కి, లో వూ దగ్గర దిగి, నదిమీద కప్పు వేసిన వంతెన దాటితే షెన్‌జెన్. అది దేశాల మధ్య గీత లాంటిది, అర్థం చేసుకోవచ్చు. కానీ షెన్‌జెన్ లోపల ఇంకో కంచె ఉండేది. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలం పెట్టాక, దాన్ని మిగతా చైనా నుంచి వేరుచేస్తూ 84 కిలోమీటర్ల పొడవున కట్టారు. రెండో గీత అనేవాళ్లు. బూజీ, నాన్‌తోవ్ లాంటి చోట్ల చెక్‌పోస్టులు. చైనావాళ్లే చైనాలోని ఆ ఊళ్లోకి రావాలంటే సొంతూరి పోలీసులిచ్చిన సరిహద్దు పర్మిట్ చూపాలి. బస్సు ఆగగానే ప్రయాణికులంతా దిగి వరసలో నిలబడేవాళ్లు. చేతిలో భారత పాస్‌పోర్టుతో నేను ముందుకెళ్లిపోయేవాణ్ని. నా పక్క సీట్లో కూర్చున్న సిచువాన్ పిల్ల పర్మిట్ లేక వెనక్కి మళ్లేది. చాలా ఫ్యాక్టరీలు కంచెకి అవతలే ఉండేవి. అక్కడ కూలి తక్కువ, నేల చవక, అడిగేవాడూ తక్కువ.

లోపలికి వచ్చినా తాత్కాలిక నివాస కార్డు లేకపోతే పోలీసులు పట్టుకుని సొంతూరికి పంపేయొచ్చు. 2003 మార్చిలో గ్వాంగ్‌జౌలో సున్ ఝిగాంగ్ అనే యువ డిజైనర్, మా లైన్‌వాడే, ఒక గార్మెంట్ కంపెనీ ఉద్యోగి, ఆ కార్డు వెంట లేదని పట్టుకుపోతే, నిర్బంధంలో దెబ్బలకు చనిపోయాడు. సదరన్ మెట్రోపాలిస్ డైలీ ఆ వార్త రాసింది. దేశమంతా గొడవైంది. పట్టి పంపే ఆ నియమాన్ని జూన్‌లో రద్దు చేశారు. రెండో గీత మాత్రం ఉత్త పేరుకి ఇంకా చాలాకాలం ఉండి, 2018 జనవరిలో అధికారికంగా తొలగిపోయింది. అప్పటికి చెక్‌పోస్టులు ట్రాఫిక్ జామ్‌కి తప్ప దేనికీ పనికిరాకుండా పోయాయి. పోయినవన్నీ మంచివని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ రెండూ ఇంకా ముందే పోవలసింది.

నేను ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లే ఒక ఫ్యాక్టరీలో ఫైనల్ చెకింగ్ బల్ల దగ్గర ఒక పిల్ల పనిచేసేది. దారాలు కత్తిరించడం, బొత్తం లాగి చూడడం, రెండు చేతులూ కలిపి పొడవు సరిచూడడం, చొక్కా తిరగేసి లేబుల్ చదవడం. ఇంగ్లీషు అంతా లేబుళ్ల మీదే నేర్చుకుంది. 'మెషిన్ వాష్ కోల్డ్, టంబుల్ డ్రై లో' అని గడగడా అప్పజెప్పేది. టంబుల్ డ్రై అంటే ఏమిటని ఒకసారి అడిగింది. బట్టలారబెట్టే మిషన్ అని చెబితే, ఎండ లేదా ఆ దేశంలో అంది. ఎత్తుగా ఐదంతస్తుల హాస్టల్, ప్రతి వరండాలో వెదురు గడలకి తడిబట్టలు, కిటికీలకి ఇనుప చువ్వలు. ఆ చువ్వలు దొంగల కోసమని చెప్పేవాళ్లు. 1993 నవంబరు 19న షెన్‌జెన్ శివార్లలో ఝిలి అనే బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 87 మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడపిల్లలే. తలుపులకు తాళాలు, కిటికీలకు చువ్వలు. ఆ తర్వాతే మా ఇన్‌స్పెక్షన్ ఫారంలో కుట్ల లెక్క కింద 'ఎమర్జెన్సీ తలుపు తెరుచుకుంటుందా' అన్న ప్రశ్న చేరింది. అంతకుముందు ఫారంలో తలుపుల ఊసే లేదు.

2004 డిసెంబరు 31 అర్ధరాత్రితో కోటా ముగుస్తుందని అందరికీ పదేళ్ల ముందే తెలుసు. అయినా ఎవరూ సిద్ధంగా లేరు. నవంబరులో సరుకు సిద్ధమైనా పంపకుండా గోదాముల్లో పేర్చి, జనవరి ఒకటో తేదీ కోసం కాచుకున్నాం. కోటా అద్దెల మీద బతికినవాళ్ల ఆస్తి ఆ రాత్రి ఆవిరైంది. జనవరిలో కట్టలు తెగి సరుకు పోయింది. మేలో అమెరికా అల్లిక చొక్కాలు, ప్యాంట్లు, లోదుస్తుల మీద మళ్లీ అడ్డుకట్ట వేసింది. నవంబరులో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకుని 2008 చివరి దాకా పాత కోటానే కొత్త పేరుతో నడిపించాయి. మా క్లర్కమ్మ భూతద్దం సొరుగులో పెట్టిన ఐదు నెలలకే మళ్లీ బయటకు తీసింది.

మనకి తగిలిన చైనా గాలి కూడా ఒకటుంది. 2011 నుంచి మూడేళ్లు చైనా ప్రభుత్వం పత్తి నిల్వలు పోగేసింది. మన పత్తి విపరీతంగా అక్కడికి పోయింది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ మార్కెట్లలో ధర అడిగితే 'చైనా కొంటోందా?' అని ఎదురు ప్రశ్న వేసేవాళ్లు. 2014లో ఆ కొనుగోళ్లు తగ్గిపోయాయి, రైతు మళ్లీ ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ ప్రశ్న కూడా ఇప్పుడు వినపడదు.

అవతలి ఒడ్డుని నేను చూసింది ఆలస్యంగా. నార్త్ కరోలినాలో షార్లెట్ చుట్టుపక్కల ఇప్పుడు మనవాళ్లు చాలామందే ఉన్నారు. మా చెల్లెలి కుటుంబం అక్కడే. వాళ్లింటికి దగ్గర్లో కనాపొలిస్ అనే ఊరు. కానన్ తువ్వాళ్ల ఊరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జేమ్స్ కానన్ మిల్లు కట్టి, చుట్టూ ఊరినీ తనే కట్టించాడు. ఇళ్లు మిల్లువి, వీధులు మిల్లువి; 1984 దాకా దానికి మున్సిపాలిటీయే లేదు. చేతులు మారి మారి చివరికి పిల్లోటెక్స్ చేతికొచ్చిన ఆ మిల్లు 2003 జూలై 30న మూతపడింది. ఆ రాష్ట్రంలో ఒక్క రోజున నాలుగు వేలమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. పొగగొట్టాలు 2006లో కూల్చారు. ఇప్పుడక్కడ తెల్ల స్తంభాల పరిశోధనా కేంద్రం ఉంది, పచ్చిక బాగా పెంచారు.

మా చెల్లెలి పక్కింటి పెద్దావిడ దుప్పట్ల అంచులు కుట్టే సెక్షన్‌లో పనిచేసింది. నేను ఏ పని చేసేవాణ్నో మా బావ చెప్పేశాడు. ఆవిడకి కోపం రాలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గంటకి ఎన్ని అంచులు కుట్టేవాళ్లని, సూది విరిగితే ఎవరు మార్చేవాళ్లని, మిషన్ ఏ కంపెనీదని వరసగా అడిగింది. నేను చొక్కాల మనిషిని, తువ్వాళ్లూ దుప్పట్లూ నా లైన్ కాదు అన్నాను. అది నిజమే, కానీ అనవసరంగా అన్నానని అక్కడే అనిపించింది. ఆవిడ దానికేమీ అనలేదు. అక్కడి పిల్లల వేళ్లకీ దూది నుసి దురద పెట్టేదా అని మాత్రం అడిగింది. పెట్టేదన్నాను. కొబ్బరి నూనె రాసుకోమనాల్సింది అంది.

ఇప్పుడు గోడలు మళ్లీ లేస్తున్నాయి. చైనా సరుకు మీద అమెరికా సుంకం 2018 జూలైలో 25 శాతంతో మొదలై, 2025 ఏప్రిల్‌లో 145 దాకా ఎగిరి, మేలో జెనీవా మాటల తర్వాత కిందికి దిగింది. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం లేదన్న వెసులుబాటు కూడా ఆ మే 2 నుంచి చైనా సరుక్కి పోయింది. న్యూజెర్సీలో వంటింటి సామాను ఆన్‌లైన్‌లో అమ్మే మా మేనల్లుడు ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"మామయ్యా, గిన్నె చైనాలో చేసి, మూతకి పిడి వియత్నాంలో బిగిస్తే అది వియత్నాం సరుకే కదా?"

నేను 1996 నుంచి మొదలుపెట్టాను. కటింగ్ రూములు, లారీలు, కట్టలు.

"కథ తర్వాత విందాం మామయ్యా. అవునా, కాదా?"

"కాదు" అన్నాను.

"మా సప్లయర్ అవుతుందంటున్నాడే?"

"మా సప్లయర్లూ అలాగే అనేవాళ్లు" అన్నాను.